తడి గీత

చీమకుర్తి దాటాక, క్వారీ గుట్టల వెనక
రేకుల షెడ్డు.
అందులో లారీ టైర్ల పక్కన, కంప్రెసర్ పక్కన
ముప్పై ఒక్క ఏళ్ళ హెలికాప్టర్.
రెండు సీట్లు, నాలుగు సిలిండర్లు.
నాకంటే రెండేళ్ళు చిన్నది.

సింగారయ్య గారు దాన్ని తెచ్చిన రోజు
ఒంగోలు నుంచి కూడా జనం వచ్చారు.
కొబ్బరికాయ కొట్టి, రెక్కకి నిమ్మకాయలు కట్టబోతే
నేనే వద్దన్నాను.
నిమ్మకాయంత బరువు తేడా వచ్చినా
ఇది ఒళ్ళంతా వణికి చెబుతుంది.

కొనడం ఒక్కరోజు పని.
మిగిలిందంతా నా పుస్తకంలో ఉంది.
రెండు వేల రెండొందల గంటలు ఎగిరితే మొత్తం విప్పాలి.
ఎగరకపోయినా పన్నెండేళ్ళకి విప్పాలి.
"ఎగరందానికి ఆయుస్సు ఎట్టా తగ్గుద్ది ఎలీషా?"
ఏడాదికోసారి అడుగుతారాయన.
నేను ఆయన మోకాళ్ళ వైపు చూసి ఊరుకుంటాను.

నీలం రంగు పెట్రోలు మద్రాసు నుంచి డ్రమ్ముల్లో వస్తుంది.
ఇంజిన్‌కీ రెక్కకీ మధ్య బెల్టులే,
పిండిమరలో తిరిగే జాతివే.
మా అమ్మ చూసి, "వీటిని నమ్మేనా పైకెళ్ళేది" అని
నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.
రాతిదుమ్ము రెక్కల అంచుల్ని రోజింత నాకుతుంది.
ఇక వాన ముందు ఉక్కపోతలో
చొక్కా వీపుకి అంటుకునే పూట
కార్బురేటర్ గొంతులో మంచు పేరుకుంటుంది.
ఒంగోల్లో మంచా అని నవ్వారు.
ఒకసారి కొత్తపట్నం సముద్రం మీద ఇంజిన్ దగ్గింది.
తర్వాత ఎవరూ నవ్వలేదు.

మొన్న కందుకూరులో పెళ్ళి.
తెల్లారి ఎగరాలి.
రాత్రి టార్చి వెలుగులో
తోకకి వెళ్ళే షాఫ్టు మధ్య, వేలెడు ఉక్కు పలక,
బోల్టు బెజ్జం దగ్గర ఏదో కనిపించింది.
వెంట్రుకో. నూనె మరకో.

నాయబ్ రసూల్‌ని పిలిపించాను.
నలభై ఏళ్ళు రాయి చూసిన మనిషి.
బ్లాకు మీద బిందెడు నీళ్ళు పోసి
బీడీ ముట్టించి కూర్చునేవాడట.
రాయంతా ఆరాక కూడా
ఆరకుండా ఒక గీత మిగులుతుంది.
అదీ పగులు.
ఆ గీతల్ని నల్ల జిగురుతో పూడ్చి, మెరుగు పెట్టి
ఎన్ని బ్లాకులు ఓడెక్కాయో
ఇతనికి తెలుసు, సింగారయ్య గారికీ తెలుసు.

నా దగ్గరున్నది నీళ్ళు కాదు, ఎర్ర రంగు.
పూశాను. ఆగాను. తుడిచాను. తెల్లపొడి చల్లాను.
ముగ్గురం వంగి చూస్తున్నాం.
తెలుపులోంచి ఒక ఎర్రపోగు
బెజ్జం నుంచి బయటికి పాకింది,
గోరంత.

"పూడ్చలేమా?" అన్నారు సింగారయ్య గారు,
అలవాటైన గొంతుతో.
నేను మాట వెతుక్కునే లోపే
ముసలాయన బీడీ చెవిమీదికి ఎక్కించి అన్నాడు:
"రాయి పడితే పగులుద్ది సామీ.
ఇది పగిలితే పడుద్ది."

ఆయన కార్లో వెళ్ళారు.
టంగుటూరు దగ్గర లారీ అడ్డం పడి
తాళి కట్టడం చూడలేదట.
కొత్త పలక రావడానికి నాలుగు నెలలంటున్నారు.
సాయంత్రాలు వచ్చి దాంట్లో కూర్చుంటారు,
పెడళ్ళ మీద కాళ్ళు, ఒళ్ళో వేరుశనక్కాయల పొట్లం.
తొక్కలు మాత్రం బయటే వేస్తారు.

నిన్న గూడూరు నుంచి రొయ్యల వ్యాపారి ఒకాయన వచ్చాడు.
చుట్టూ తిరిగాడు. రంగు బాగుందన్నాడు.
సీటు తోలు తట్టి, ధర కూడా చెప్పాడు, మంచి ధరే.
నేను స్పానర్లు తుడుస్తూ నేల చూస్తున్నాను.
సింగారయ్య గారు లేచారు.
మోకాలు పట్టుకుని తోక దాకా నడిచారు.
"ఎలీషా, ఆ టార్చి ఇట్టా పట్టు."

బేరం అక్కడే ఆగింది.
రాత్రి పుస్తకం తెరిచి రాశాను:
గంటలు, పద్దెనిమిది వందల నలభై ఆరు.
మొన్నటివే.
తేదీ ఒక్కటే కొత్తది.